మూయమన్నది బొగ్గుని

సాగరదీప్తి యార్డు అనుమతి గడువు ముగియబోతున్న నెలలోనే ఢిల్లీ నుంచి గాలి ప్రమాణాల కొత్త నోటిఫికేషన్ వచ్చిపడింది. గాలిలో సన్నధూళి ఎంతవరకు ఉండొచ్చో చెప్పే పరిమితిని కేంద్రం బాగా తగ్గించింది. వచ్చే ఏడాది ఏప్రిల్ నుంచి అమలు అని చివరి పేరాలో ఉంది.

విశాఖలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరుగా పనిచేస్తున్న రోజారమణి దాన్ని రెండుసార్లు చదివింది. చదివి, బల్ల మీదున్న యార్డు దరఖాస్తు వైపు చూసింది. ఓడల్లో దిగిన బొగ్గుని కుప్పలు పోసి, లారీల్లోనూ వ్యాగన్లలోనూ ఫ్యాక్టరీలకు పంపించే ప్రైవేటు యార్డు అది. ఇంకో ఐదేళ్ళకి అనుమతి కావాలని అడుగుతోంది, అదీ పాత పరిమితి ప్రకారమే. ఢిల్లీ గాలి ఎటు వీస్తోందో వాళ్ళు ముందే పసిగట్టినట్టున్నారు. ఏనాడూ గడువులోపు రాని కాగితాలు ఈసారి చాలా ముందుగా వచ్చాయి.

రెండూ పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇప్పుడు పాత పరిమితితో ఐదేళ్ళు ఇచ్చేస్తే, కొత్తది అమల్లోకి వచ్చాక కూడా వాళ్ళని ఏమీ అడగలేం."

భీమశంకరరావు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఈ ఊళ్ళోనే జుట్టు నెరిసిన మనిషి. ఏ ఫైలునీ తొందరపడి ముట్టుకోడని పేరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రాష్ట్రం నుంచి సర్క్యులర్ రానియ్యమ్మా," అన్నాడు. "ఢిల్లీ వాళ్ళు ఇవాళ బిగిస్తారు, రేపు వదులు చేస్తారు. మధ్యలో కోర్టు మెట్లెక్కేది మనం. నేను ఎక్కానుగా ఒకసారి."

ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. పూర్వం ఆయన ఒక సిమెంటు మిల్లుకి గట్టి షరతు రాస్తే, కొన్నాళ్ళకే కేంద్రం ఆ ప్రమాణాన్ని సడలించింది. మిల్లు వాళ్ళు కోర్టుకెళ్ళి షరతు కొట్టేయించుకున్నారు. అప్పటినుంచి సర్క్యులర్లో లేని మాట ఆయన కలం నుంచి రాలేదు.

"సర్క్యులర్ వచ్చేలోగా దరఖాస్తు తేల్చాల్సిన గడువు దాటిపోతుంది సార్. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క."

"అయితే ఏం రాద్దామంటావు?"

"బొగ్గు కుప్పల మీద ఏడాదిలోగా కప్పు వెయ్యాలి. కొత్త పరిమితి వచ్చిన రోజు నుంచి ఈ యార్డుకీ అదే వర్తిస్తుంది. ఈ రెండు ముక్కలూ అనుమతిలోనే రాద్దాం."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "రాసి పట్రా. చదువుతాను. సంతకం పెడతానని మాత్రం అనట్లేదు."

మర్నాడు పొద్దున రోజారమణి పాతరేవు కాలనీకి బయల్దేరింది. యార్డు ప్రహరీకి అవతలే ఉన్న కాలనీ అది. అక్కడ సన్యాసమ్మ అనే ఆవిడ డాబా మీద మండలి తరఫున ధూళి కొలిచే యంత్రం పెట్టించి చాలా నెలలైంది. దారిలో యార్డు గేటు దగ్గర జీపుకి అడ్డంగా జనం నిలబడ్డారు. ముందు నిలబడ్డ మనిషి కోటి, కళాసీల సంఘానికి పెద్ద. బొగ్గు దించడం, ఎత్తడం అంతా అతని మనుషుల చేతుల మీదే నడుస్తుంది.

"యార్డు మూయించేత్తన్నారంట గదా మేడమ్. అవునా, కాదా సెప్పండి."

"ఎవరన్నారు?"

"మేనేజరు గారే సెప్పినారు. ఢిల్లీలో ఏదో రూలొచ్చినాదంట, మీరు దాన్నట్టుకుని మా పొట్ట కొట్టేత్తన్నారంట. ఇది మూసేత్తే మేం ఏటైపోవాలి?"

రోజారమణి జీపు దిగింది. ఆమెది పెందుర్తి అవతల వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆఫీసులో మాట్లాడే భాష ఇక్కడ పనికిరాదని ఆమెకి తెలుసు, ఇంటి భాష ఎలాగూ నాలిక మీదే ఉంది.

"మూయమన్న మాట నిజమే కోటి గారూ. మూయమన్నది యార్డుని కాదు, బొగ్గుని."

అతనికి అర్థం కాలేదు.

"కప్పెట్టమంటన్నాను. పైన షెడ్డు, సుట్టూ గోడ. ఓడలొత్తాయి, బొగ్గు దిగుతాది, మీ పని మీకుంటాది. నుసి గాల్లోకి లేవకూడదు, అంతే."

వెనకనున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. కోటి నవ్వలేదు. మెడ మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తువ్వాలు మీద నల్లటి చార పడింది. దాన్ని కాసేపు చూసి, "మరి ఆ నుసి ముందు ఎల్లేది మా గొంతుల్లోకే గదా," అన్నాడు.

"అదే నాను సెప్తన్నాను."

"మాకెవడూ ఇలాగ సెప్పలేదు." కోటి పక్కకి జరిగి, జీపుకి దారిమ్మని తన వాళ్ళకి సైగ చేశాడు.

రోజారమణి రాసిన షరతుల్ని భీమశంకరరావు మూడు చోట్ల దిద్దాడు, రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాడు, చివరికి సంతకం పెట్టాడు. పెట్టాక కూడా ఆ కాగితం వైపు అనుమానంగానే చూశాడు. యార్డు మేనేజరు సీతారామాంజనేయులు ఆఫీసుకి వచ్చి కాస్త గొణిగాడు గాని, అనుమతి లేకుండా ఓడని ముట్టుకోలేడు. వానాకాలం వెళ్ళేసరికి యార్డులో పునాదులు తవ్వారు. శీతాకాలానికి ఇనుప స్తంభాలు లేచాయి. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి చూసినా అవి కనబడేవి. రోజారమణి ఆ దారిన వెళ్ళినప్పుడల్లా జీపు నెమ్మదిగా పోనిమ్మని డ్రైవర్‌కి చెప్పేది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ మాట మార్చింది.

పరిశ్రమలకు మరికొంత వ్యవధి అవసరమని, కొత్త పరిమితిని వాయిదా వేస్తున్నామని, మళ్ళీ ఉత్తర్వులు వచ్చేదాకా పాతదే అమల్లో ఉంటుందని రెండు పేజీల సవరణ వచ్చింది. మర్నాటినుంచి యార్డులో వెల్డింగ్ ఆగిపోయింది. ఆ వారంలోనే సీతారామాంజనేయులు స్వీటు డబ్బాతో ఆఫీసులో దిగాడు.

"మీ మీద మాకేం కోపం లేదు మేడమ్. ఢిల్లీని చూసి మీరు రాశారు, మీరు రాశారని మేం మొదలెట్టాం. ఇప్పుడు ఢిల్లీయే వద్దంటోంది. మీ షరతు తీసేయండి, లేదంటే అప్పీలుకి వెళ్తాం. ఎలాగూ గెలుస్తాం, మీకెందుకీ శ్రమ?"

స్వీటు డబ్బా ఆయన చేతికే తిరిగి ఇచ్చి పంపించింది రోజారమణి. సాయంత్రం కాలనీకి వెళ్ళింది. సన్యాసమ్మ డాబా మీంచి చూస్తే కప్పు లేని స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య బొగ్గు గుట్టలు ఎప్పటిలాగే ఉన్నాయి.

"ఆగిపోనాదేటి పాపా?" అని అడిగింది సన్యాసమ్మ.

"ఆగినాది పిన్నీ."

"ఢిల్లీవోళ్ళకి మన డాబా మీద పనేటి? ఒచ్చి సూసినారేటి ఎప్పుడైనా?"

ఆమె మామూలుగా అన్న మాటే అది. రోజారమణి మాత్రం ఇంటికెళ్ళేదాకా దాన్నే తిప్పి తిప్పి ఆలోచించింది. మర్నాడు ఆఫీసు తెరవగానే భీమశంకరరావు గదిలోకి వెళ్ళింది. ముందే చెప్పానుగా అంటాడని సిద్ధపడే వెళ్ళింది. ఆయన ఆ మాట అనలేదు. బల్ల మీద నియమాల పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.

"కూర్చో అమ్మా. కేంద్రం ఒక ప్రమాణం పెట్టిందంటే, రాష్ట్రం అంతకంటే వదులుగా రాయకూడదు. గట్టిగా రాయొచ్చు. ఇదిగో, ఇక్కడే ఉంది. సిమెంటు మిల్లు కేసులో జడ్జి గారూ అదే అన్నారు. గట్టిగా రాసే హక్కు మీకుంది, కానీ ఎందుకు రాశారో చెప్పండి అన్నారు. మా దగ్గర ఢిల్లీ నోటిఫికేషన్ తప్ప వేరే జవాబు లేదు. ఢిల్లీ జారుకోగానే మేమూ జారిపోయాం." కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇప్పుడు నన్ను అదే ప్రశ్న అడిగారనుకో. ఏం చెప్పను?"

"కొండలున్నాయని చెప్పండి సార్."

"కొండలా?"

"ఒక పక్క యారాడ, ఒక పక్క సింహాచలం. మధ్యలో మన ఊరు గిన్నెలాగుంటుంది. మైదానంలో అయితే ధూళి చెదిరిపోతుంది, ఇక్కడ సముద్రపు గాలి తోసుకొచ్చింది తోసుకొచ్చినట్టే ఉండిపోతుంది. ఢిల్లీ గీత దేశం మొత్తానికి కలిపి గీసింది. మన కొండలు వాళ్ళ లెక్కలో లేవు. మన దగ్గర ఏడాది పొడుగునా కొలిచిన ధూళి ఉంది, ఏ గాలికి ఎంతో కూడా ఉంది."

భీమశంకరరావు ముఖంలో వెలుగు వచ్చింది. అంతకాలం కలిసి పనిచేసినా ఆయన అలా ముందుకు వంగి కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అయితే మళ్ళీ రాద్దాం. ఈసారి ఢిల్లీ పేరెత్తొద్దు. విశాఖ పేరుతోనే రాద్దాం."

కప్పు షరతు అలాగే ఉంచి, దాని కింద కారణాలన్నీ చేర్చి కొత్త ఉత్తర్వు ఇచ్చారు. సన్నధూళికి ఢిల్లీ వాయిదా వేసిన పరిమితినే ఈ యార్డుకి సొంత పరిమితిగా పెట్టారు. కంపెనీ అన్న మాట ప్రకారమే అప్పీలుకి వెళ్ళింది.

విచారణ విజయవాడలో. అప్పీళ్ళు వినేది ఒక రిటైర్డు జడ్జి, తక్కువ మాట్లాడే పెద్దావిడ. కంపెనీ లాయరు నిలబడి, కేంద్రమే వెనక్కి తీసుకున్న ప్రమాణాన్ని ఒక జిల్లా ఆఫీసు ఎలా అమలు చేస్తుందని గట్టిగా అడిగాడు. మండలి తరఫు లాయరు లేవబోతుంటే భీమశంకరరావు ఆయన భుజం మీద చెయ్యి వేసి తను లేచాడు.

"కేంద్రం వెనక్కి తీసుకోలేదండీ, వాయిదా వేసింది. అది దేశం సంగతి. మా ఊరికి ఎంత కావాలో మా ఊరి గాలిని కొలిచి రాశాం. కొలిచిన ఇంజనీరు ఈవిడే, అడగండి."

రోజారమణి లేచింది. గోడ మీద ఊరి పటం వేసి, కొండలు చూపించి, నైరుతి గాలి ఎటునుంచి వస్తుందో చూపించింది. గాలి యార్డు మీదుగా వీచిన రోజుల్లో కాలనీ యంత్రం ఎంత చూపించిందో, వేరే వైపు తిరిగిన రోజుల్లో ఎంత చూపించిందో పక్కపక్కన పెట్టింది. రెండింటి మధ్య తేడా చూసి జడ్జి మేనేజరు వైపు తిరిగింది.

"స్తంభాలు నిలబెట్టేశారు కదా. కప్పు వేయడానికి ఇబ్బందేమిటి?"

సీతారామాంజనేయులు పని ఆలస్యమవుతుందని, కార్మికులు ఒప్పుకోరని ఏదో చెప్పబోయాడు. వెనక బల్ల మీంచి కోటి లేచి నిలబడ్డాడు. కాలనీ వాళ్ళతో కలిసి రైలెక్కి వచ్చాడని మేనేజరు అప్పుడే చూశాడు.

"కార్మికులం మేమేనండమ్మా. మేం ఒప్పుకున్నాం. ఆ కప్పు మా నెత్తి మీదే గదా ఉంటాది, ఎండకీ వానకీ మాకే మంచిది. రేపు ఎయ్యమంటే రేపే పనిలోకొత్తాం."

కంపెనీ లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

తీర్పు ఆ నెలాఖరుకి వచ్చింది. కేంద్ర ప్రమాణం మారినా, వాయిదా పడినా, స్థానిక కారణాలు చూపించి అంతకంటే కఠినమైన షరతు పెట్టే అధికారం రాష్ట్ర మండలికి ఉందని, ఈ ఉత్తర్వులో ఆ కారణాలు స్పష్టంగా ఉన్నాయని అందులో రాసి ఉంది. అప్పీలు కొట్టివేశారు. ఆఫీసులో ఎవరో చప్పట్లు మొదలెట్టారు. అందరూ అందుకున్నారు. భీమశంకరరావు ఆ పేజీని రెండోసారి చదువుకుని, క్యాంటీన్ నుంచి అందరికీ టిఫిన్ చెప్పించాడు. ఆయన టిఫిన్ చెప్పించడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదలు.

వేసవిలో యార్డు మీద కప్పు పడింది. చుట్టూ గోడలు లేచాయి. మృగశిర కార్తె గాలులు మొదలైన రోజుల్లో ఒక పెద్ద ఓడ వచ్చింది. ఆ మధ్యాహ్నమే సన్యాసమ్మ ఫోన్ చేసింది.

"ఓపాలి మా ఇంటికి రా పాపా. బేగి రా."

ఏదో తేడా వచ్చిందనుకుంది రోజారమణి. జీపు వేయించుకుని వెళ్ళి, మెట్లు గబగబా ఎక్కి డాబా మీద ఆగిపోయింది. డాబా నిండా పాత చీరలు పరిచి ఉన్నాయి. వాటి మీద తెల్లగా బియ్యప్పిండి వడియాలు. పక్క డాబా మీదా అవే. ఆ పక్క డాబా మీదా అవే. గాలి బాగా వీస్తోంది. యార్డు లోపల ఓడ సరుకు దిగుతున్న చప్పుడు వినబడుతోంది. వడియాల మీద ఒక్క నల్ల చుక్క లేదు.

"నా పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కాడినుంచీ ఈ డాబా మీద ఒక్క వడియం ఎట్టలేదు," అంది సన్యాసమ్మ. "సూడు, ఎలాగున్నాయో."

రోజారమణి మూలనున్న యంత్రం దగ్గరికి వెళ్ళి చూసింది. తాము రాసిన గట్టి పరిమితికన్నా కిందనే ఉంది అంకె. నైరుతి గాలి వీస్తున్న రోజున. అది నిజమేనా అని కాసేపు ఆగి మళ్ళీ చూసి, భీమశంకరరావుకి ఫోన్ చేసింది.

"సార్, పరిమితి లోపలే ఉంది."

అవతల ఆయన, "నీకో సంగతి చెప్పాలమ్మా," అన్నాడు. "తీరం పొడుగునా ఉన్న బొగ్గు యార్డులన్నిటికీ ఇదే పద్ధతిలో షరతు రాయమని హెడ్డాఫీసు ఉత్తర్వు వచ్చింది. మిగతా జిల్లాల ఇంజనీర్లకి ఎలా రాయాలో చెప్పడానికి మనల్ని రమ్మంటున్నారు. నువ్వు వెళ్తున్నావు."

"నేనా సార్?"

"మరి కొండలు చూపించింది ఎవరు?"

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎప్పుడు వెళ్ళాలని అడుగుతుండగానే సన్యాసమ్మ గోడకి ఆనించిన పొడుగాటి కర్ర తీసి ఆమె చేతికి అందించింది.

"మాటలు తర్వాతాడుకుందువు. ముందు ఆ కాకుల్ని తోలు, వడియాలెత్తుకుపోతన్నాయి."