సాక్ష్యం తర్వాత గోలీలు

ఆశా కార్యకర్త ప్రేమజ్యోతి నోట్లో నువ్వుగింజ నానదు. మంచి కబురైతే మరీ కష్టం. హిమాయత్‌నగర్‌లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. హిమాయత్‌నగర్ అంటే సిటీలోది కాదండోయ్, మొయినాబాద్ మండలంలోది. చేవెళ్ల రోడ్డు దిగి షేర్ ఆటోలో పోవాలి.

టీబీకి మందులు వాడుతున్న, తాను వరసకు పెద్దబాపు అని పిలిచే బీరయ్యకు రెండో నెల తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదని దవాఖానలో చెప్పారో లేదో, ప్రేమజ్యోతి పరుగున ఊరికొచ్చి పడింది. ఆటో దిగకముందే కేక పెట్టింది.

"పెద్దబాపూ! నెగెటివ్ వచ్చింది! నీ క్రిములన్నీ సచ్చినయి!"

చిక్కంతా అక్కడే మొదలైంది. ఇంకో నాలుగు నెలలు గోలీలు మింగాలన్న ముక్క ఆ సంబరంలో చెప్పిందో లేదో ఆమెకే గుర్తులేదు. చెప్పినా ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?

ఆ ఆదివారం బీరయ్య చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. "మంచం పట్టినోణ్ణి. దేవుడు నన్ను పూర్తిగ బాగు చేసిండు" అన్నాడు. స్తోత్రాలతో రేకుల కప్పు అదిరిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? ప్రేమజ్యోతే!

పదమూడు రోజుల తర్వాత ఆమె ఖాళీ గోలీల అట్టలు చూడటానికి వాళ్లింటికి వచ్చింది. అన్నీ లెక్క ప్రకారం ఖాళీ. భేష్ అనుకుంది. అంతలో బీరయ్య భార్య సరోజమ్మ నవ్వుతూ అంది.

"మీ పెద్దబాపుకు ఒంటికి ఎర్రగ వస్తుండె గదనే. ఇప్పుడు నీళ్ల లెక్కనే వస్తున్నదంట. మంచిగైనట్టేనా?"

ప్రేమజ్యోతి ఆ ఖాళీ అట్టలను మళ్లీ చేతిలోకి తీసుకుంది. మూత్రంలోని ఆ ఎరుపు రోగానిది కాదు, గోలీలది. ఎరుపు ఆగిందంటే గోలీలు ఆగినట్టే.

కనకమామిడి ఫామ్‌హౌస్‌లో తోటపని ముగించుకుని బీరయ్య వచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంది. రాగానే మీద పడింది.

"గోలీలేడికి పోతున్నయి పెద్దబాపూ?"

బీరయ్య దాచలేదు. "పెంటకుప్పల ఏస్తున్న. నీకు పైనోళ్లతోని మాట రావద్దని అట్టలు మాత్రం ఖాళీ చేస్తున్న బిడ్డా."

ఎంత మంచితనమో చూడండి! ప్రేమజ్యోతికి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నడుమ ఆపితే రోగం తిరగబెడుతుందని, ఈసారి ఈ గోలీలకు లొంగదని, ఒళ్లో పడుకునే మనవరాలు ప్రియకు కూడా అంటుకుంటుందని గడగడా అప్పజెప్పింది.

"నాకు భయం లేదా?" అన్నాడు బీరయ్య. "పోరిని పక్కకు రానిస్తలేను. కానీ అందరి ముంగట బాగైన అని సాక్ష్యం చెప్పిన. ఇప్పుడు చాటుకు గోలీలు మింగుతే దేవుని ముంగట అబద్ధమాడినోణ్ణి కానా?"

ప్రేమజ్యోతి నోరు మూతపడింది. అది మామూలు సంగతి కాదు! ఇన్నేళ్లూ మందులు మానేసిన వాళ్ల దగ్గర మరుపు, బద్ధకం, కడుపులో తిప్పడం, ఈ మూడే వెతికింది. మాట నిలబెట్టుకోవడానికి మానేసేవాడు ఉంటాడని కలగన్నదా? ఈ మనిషిని భయపెట్టి లాభం లేదు, ముందు ఆ అబద్ధం భారం దించాలి. డాక్టరుకు ఫోన్ చేస్తే, వెంటనే మళ్లీ మొదలుపెట్టించమని, సోమవారం పరీక్షకు తీసుకురమ్మని చెప్పాడు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే చర్చిలో ప్రేమజ్యోతి లేచి నిలబడింది. రేపటి నుంచి ఊళ్లో తన మాట ఎవరు వింటారు? అయినా నోరు తెరిచింది.

"వందనాలు. నేను తప్పు చేసిన. పెద్దబాపు బాగైండని ఊరంత చాటింది నేనే. క్రిములు కనవడకపోతే నయమైనట్టు కాదు. ఆరు నెలల మందులల్ల రెండు నెలలే అయినయి. నేను సగం మాట చెప్పి ఉరికిన. ఆయన నన్ను నమ్మి సాక్ష్యం చెప్పిండు. అబద్ధం ఆయనది కాదు, నాది."

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి బీరయ్య లేచాడు.

"ఈ బిడ్డ ఇప్పుడు గూడ సగమే చెప్పింది. దేవుడు దవాఖాన తొవ్వల నడిపిస్తుంటే, ఊరొచ్చిందనుకొని నడుమల దిగిపోయిన. పదమూడు దినాలు గోలీలు పారవోసిన." ప్రేమజ్యోతి వైపు తిరిగాడు. "నా గోలీలు నీ సంచిల ఉన్నయా బిడ్డా?"

ఉండకపోవడమేమిటి! ఆడవాళ్ల వైపు నుంచి చెంబుతో నీళ్లు చేతులు మారుతూ వచ్చాయి. మూడు గోలీలు. ఒక్కోటి గొంతు దిగుతుంటే చర్చి చర్చంతా అతని మెడవైపే చూసింది. మూడోది దిగగానే "స్తోత్రం!" అని ఒక్కసారిగా అరిచారు.

అరుపు సద్దుమణగకముందే నిర్మలమ్మ చెయ్యెత్తింది. "అయ్యగారూ, నా బీపీ గోలీలు మూడు నెలల సంది డబ్బాలనే ఉన్నయి." ప్రేమదాసు తల గోక్కుంటూ, "నా షుగర్ గోలీలు గూడ" అన్నాడు. అటు నుంచి ఇద్దరు, ఇటు నుంచి ముగ్గురు. పాస్టరుగారు మెల్లగా బైబిలు మూసి, "నాయి గూడ జర రాసుకో తల్లీ" అన్నారు.

"ఒక్కొక్కరే! ఒక్కొక్కరే చెప్పుండ్రి!" అంటూ ప్రేమజ్యోతి నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఈ గుంపును తోసుకుని బీరయ్య ఆమె దగ్గరికొచ్చాడు.

"రేపు ఆరింటికే రా బిడ్డా. నేను మింగినదాంక నా ముంగట్నే కూసో."