గున్నమ్మ పథ్యం

నేను ఒక మాత్రల డబ్బాను. నా ఒంటి మీద ఆకు బొమ్మ వేసినవాళ్లు గున్నమ్మ ప్రాణం తీశారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నాలో నింపింది ఎక్కడో చైనాలో పెరిగే ఒక చెట్టు ఆకుల సారం. దాన్ని పొడి చేసి, గొట్టం మాత్రల్లో కూరి, నాలో పోసి, పైన దూది కుక్కి మూత బిగించారు. నెత్తురు బాగా పారడానికి, బుర్ర తేటపడడానికి ఇది తోడ్పడవచ్చునని ముందు వైపు అచ్చు వేశారు. తోడ్పడుతుందని వేసే ధైర్యం వాళ్లకు లేదు. వెనక వైపు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఇది మందు కాదు, వాడుతున్న మందులు ఆపవద్దు, డాక్టరును అడగండి అని. చట్టానికి భయపడి వేసిన మాట అది. ఎవరైనా చదవాలని కాదు. ఆకును మాత్రం అల్లంత దూరానికి కనబడేలా వేశారు.

పలాసలో జాకెట్లు కుట్టే దమయంతి నన్ను ఒక కల్యాణ మండపంలో అందుకుంది. అక్కడ టై కట్టుకున్న మనిషి ఒకడు వేదికెక్కి అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. మాత్రలు కొనేవాళ్లను చేర్చినవారికి కోటుకు గుచ్చుకునే పిన్ను ఇస్తామన్నాడు. దమయంతికి కోటు లేదు. అయినా పిన్ను కావాలనుకుంది. మనుషులు అంతే.

మొదట ఆమెకు గుర్తొచ్చింది సొంత అక్క గున్నమ్మ. జీడి బట్టీలో పప్పు మీది పొర ఒలిచి బతికిన మనిషి. కూర్చుని కూర్చుని కాళ్లు మొద్దుబారిపోయాయి. ఈమధ్య తెలిసినవాళ్ల పేర్లు మరిచిపోతోంది, పొయ్యి మీద కూర మాడబెడుతోంది. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే బీపీ మాత్ర మాత్రం రోజూ వేసుకునేది. ఆమె భర్త దాలినాయుడు లారీలకు జీడి బస్తాలు ఎత్తిన కళాసీ. ఊరి బడిలో తెలుగు చదువుకున్నాడు. ఇంగ్లీషు రాదు. ఎవరినీ తొందరగా నమ్మడు.

దమయంతి నన్ను వాళ్ల నట్టింట్లో పెట్టింది.

“ఆకుతో సేసినది అప్పా. కాళ్లకీ మంచిదే, బుర్రకీ మంచిదే.”

“నా బుర్రకెందుకే? మీ బావకియ్యి. అసలు ఉన్నాదో నేదో తేలిపోద్ది,” అంది గున్నమ్మ.

దాలినాయుడు నవ్వలేదు. నన్ను తిప్పి తిప్పి చూశాడు. వెనక ఇంగ్లీషు దగ్గర అతని చూపు ఆగలేదు. ఆకు దగ్గర ఆగింది.

“పథ్యమేటి?” అన్నాడు.

మండపంలో పథ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. 

“దీనికి పథ్యం నేదు బావా.”

“పథ్యం నేని ఆకు మందుంటాదేటి? మా తాత పసరు పోసినాడంటే ఉప్పు కూడా ముట్టనిచ్చీవోడు కాడు. పథ్యం నేకపోతే అది పిప్పరమెంటే. పట్టుకుపో.”

దమయంతికి భయం వేసింది.

“ఉంది బావా, ఉంది. మర్సిపోనాను. ఒంకాయ కూడదు. గోంగూర కూడదు. ఎండు సేప అసలే కూడదు.”

“మరి ఇంగిలీసు మాత్ర?”

 ఆకు మందుకూ ఇంగ్లీషు మందుకూ పడదని దమయంతి చిన్నప్పటి నుంచీ విన్న మాటే.

“అదీ కూడదు,” అంది.

దాలినాయుడు తల ఊపాడు. “అయితే ఇది మందే,” అన్నాడు.

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. అక్షరాలున్నాయి, నోరు లేదు.

గున్నమ్మ పథ్యం తప్పలేదు. పక్కింట్లో ఎండు నెత్తళ్ల చేపలు వేయిస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, తనలో తనే నవ్వుకునేది. బీపీ మాత్రలు గుడ్డలో మూటగట్టి అటక మీదికి నెట్టేసింది. కొన్నాళ్లకు బుర్ర తేలిగ్గా ఉందంది. బట్టీలో తన పక్కన కూర్చున్న మనిషి పేరు గుర్తొచ్చిందని వీధంతా చెప్పుకుంది. అది నా వల్లో, ఆమె నమ్మకం వల్లో నాకూ తెలియదు.

ఒక ఉదయం చేటతో బియ్యం చెరుగుతూ, “తల పగిలిపోతన్నాదయ్యా,” అంది. చేట జారింది. ఆమె పక్కకు ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు, ఇంట్లో ఏం మందులు వాడుతోందో తెచ్చి చూపించమన్నాడు. దాలినాయుడు నన్ను పట్టుకెళ్లాడు. డాక్టరు నా వెనక వైపు చదివాడు. అది చదివిన మొదటి మనిషి అతనే.

“బీపీ మాత్ర ఎందుకు ఆపారు?”

“పథ్యం బాబూ.”

“ఇది మందే కాదయ్యా. దీనికి పథ్యం ఏంటి? మాత్రలు ఆపొద్దని దీని మీదే రాసుంది.”



గున్నమ్మకు మాట పడిపోయింది. మర్నాడు నర్సు బీపీ మాత్ర నూరి చెంచాతో పట్టింది. గున్నమ్మ మూతి సగమే కదులుతోంది. ఆ సగాన్నే గట్టిగా బిగించింది. తల అడ్డంగా ఆడించింది. ఎందుకో నర్సుకు అర్థం కాలేదు. దాలినాయుడికి అర్థమైంది. మంచం పక్కన వంగాడు.

“పథ్యం అయిపోనాది గున్నా. మింగు.”

అప్పుడు మింగింది. మొగుడు తల ఊపాడని మానేసింది, మొగుడు చెప్పాడని మింగింది. వారం తిరగకుండా పోయింది.

దినం నాడు దమయంతి వచ్చి గుమ్మం అవతల నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

“నువ్వడిగినావనే గదా బావా సెప్పినాను. పథ్యం నేదంటే పట్టుకుపొమ్మన్నావు. నాకేటి తెలుసు? ఒక్క మాట అను. తిట్టు, పోనీ కొట్టు.”

ఆమె అన్నది నిజం. నిజమని అతనికి తెలుసు. అందుకే క్షమించలేదు. ఆమెనూ, తననూ. నాలో మిగిలిన మాత్రలు ఆమె చూస్తుండగానే కాలవలో పోసి, నన్ను వీధిలోకి విసిరేశాడు.

“సెప్పినదానివి నువ్వు. అడిగినోడిని నేను. పాటించినది అదొక్కర్తే. ఇంక ఈ ఊసు నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను.”

తలుపు వేశాడు. ఆ తలుపు దమయంతికి మళ్లీ తెరవలేదు. ఆమె ఆ మాత్రలు అమ్మడం మానేసిందని వీధిలో అనుకుంటుంటే విన్నాను. మానితే మానింది. పోయిన మనిషి రాదు.

ఇప్పుడు నేను ప్లాస్టిక్ ఏరుకునే మనిషి సంచిలో, పగిలిన మగ్గుల మధ్య ఉన్నాను. కరిగించి బకెట్టో, బిందెమూతో చేస్తారట. ఏం చేసినా సరే. జరిగింది ఒకసారి చెప్పాను. మళ్లీ చెప్పను.