సంఘం పేరున సున్నం

పులికాటు ఒడ్డున ఉన్న ఆ చేపలవాళ్ల పల్లెలో సంతకం చేయడం వచ్చినవాడు గంగులయ్య ఒక్కడే. అందుకే 1961లో మత్స్యకారుల సహకార సంఘం పెట్టినప్పుడు అతన్నే ప్రెసిడెంటును చేశారు. మిగతా పాతికమందీ వేలిముద్రలు వేశారు. అందరికన్నా ముందు వేసింది అతని చిన్నాన్న భార్య అంకాలమ్మ. మొగుడు సముద్రంలో పోయినప్పటినుంచీ ఆమె సరస్సులో గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, సున్నం అమ్ముకుని బతుకుతోంది. పొగ రంగు చూసి లోపల గుల్ల కాలిందో లేదో చెప్పేస్తుంది.

మరుసటేడు పక్క ఊళ్లో కాన్పుల ఆసుపత్రి కట్టడం మొదలైంది. గోడలకు కావలసిన సున్నం చేపలవాళ్ల సంఘమే ఇవ్వగలిగితే, వేలంపాట లేకుండా, ధరావతు డబ్బు అడక్కుండా వాళ్లకే ఇవ్వాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఆ మాట విని పల్లె అంతా పొంగిపోయింది. ఉన్నవాటిలో మంచి పంచె కట్టుకుని గంగులయ్య పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్లాడు.

అక్కడి గుమాస్తా అతన్ని వరండాలోనే నిలబెట్టి, సంఘం కాగితం తిరగేసి నవ్వాడు.

"అన్నీ వేలిముద్రలే గదయ్యా! గడువు తప్పితే ఎవురు జవాబు చెప్తారు? నువ్వా?"

అక్కడున్న నలుగురూ తలెత్తి చూశారు. తన పల్లెను తలుచుకుని, ఆ నల్లటి ముద్రలను చూసి గంగులయ్యకు మొదటిసారి సిగ్గేసింది.

మెట్ల దగ్గర నాయుడుపేట కాంట్రాక్టరు జయరామయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. కాఫీ హోటలుకు తీసుకుపోయి, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, "గంగులయ్య గారూ" అని పిలిచాడు. పుట్టి ముప్పై ఎనిమిదేళ్లయినా అతని పేరు చివర ఎవరూ 'గారు' చేర్చలేదు.

"పేరు మీ సంఘానిది, పని నాది. మీవాళ్లకు కూలి నేనిస్తాను. మాటొస్తే నా మీదికొస్తుంది. మీరు సంతకం పెట్టండి, చాలు."

గంగులయ్య పెట్టాడు. నెల తిరక్కుండా అతని తాటాకు ఇంటికి పెంకులొచ్చాయి.

పల్లెలో మాత్రం, "మనకు రాలా. జయరామయ్యకిచ్చినారు" అని చెప్పాడు. ఎలాగూ కూలి దొరుకుతుంది కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అంకాలమ్మ అతని వాడిన మొహం చూసి, "పోనీలే అబ్బయ్యా, నువ్వు చెప్పులరిగేట్టు తిరిగినావు గదా" అంటూ అన్నం పెట్టింది.

ఆ ఎండాకాలమంతా సంఘం మనుషులే మోకాళ్లలోతు నీళ్లలో గుల్లలు తోడారు. తమకొచ్చిన పనికి తామే కూలీలుగా వెళ్లారు. ఒకరోజు జ్వరంతో అంకాలమ్మ ఆలస్యంగా వచ్చింది. జయరామయ్య పెట్టిన మేస్త్రీ ఆమె చేతిలోని గంప లాక్కుని నీళ్లలోకి విసిరేశాడు.

"కాంట్రాక్టరు సొమ్మంటే ఊరికే వస్తాదనుకున్నావా?"

పది అడుగుల దూరంలో గంగులయ్య ఉన్నాడు. చూసి, మొహం అటు తిప్పుకుని బస్తాల మూతులు కుట్టసాగాడు.

ఆసుపత్రి తెరిచిన రోజు పల్లెవాళ్లందరినీ పిలిచారు. సమితి ఆఫీసరు కుర్రవాడు, మంచివాడు. మైకు ముందు నిలబడి, "ఈ గోడలకు సున్నం ఇచ్చింది ఏ పెద్ద కాంట్రాక్టరో కాదు. ఇదిగో, ఈ మత్స్యకారుల సంఘం!" అన్నాడు. గంగులయ్యను వేదిక పైకి పిలిచి మెళ్లో దండ వేశాడు. కింద కూర్చున్నవాళ్లు ముందు ఏమీ అర్థంకాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ అతన్నే చూశారు.

"మీలో సున్నం కాల్చిందెవరమ్మా? వచ్చిన లాభంతో ఏం చేసుకున్నారు?" అని అడిగాడు ఆఫీసరు.

అంకాలమ్మ మెల్లగా లేచింది. గంగులయ్యను ఒక్క క్షణం చూసింది.

"మేమేనయ్యా కాల్చింది. లాభమొస్తే ఏం జేస్తాం, వలలు కొనుక్కున్నాం" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

తిరిగి వస్తుంటే ఎవరూ అతన్ని తిట్టలేదు. అతను దగ్గరకొస్తే నడక వేగం పెంచారు, అంతే. అంకాలమ్మను మాత్రం అందుకోగలిగాడు.

"పిన్నమ్మా, నన్ను చెప్పుతో కొట్టు."

"కొడితే ఏమొస్తాది? ఆయన ముందర నిజం జెప్పుంటే, చేపలోళ్లంతా ఇంతేనని రాసుకొని పోయుండేవాడు. అందుకని ఆ అబద్ధం ఆడినా. నీ కోసరం గాదు." కొంతదూరం నడిచి మళ్లీ అంది: "ఆ మేస్త్రీ గంప ఇసిరేసినప్పుడు నువ్వాడనే ఉండావు. ఆ పని మనదేనని నీకు తెలుసు గదరా."



మర్నాడు గంగులయ్య సమితి ఆఫీసుకు వెళ్లి, ఉన్నదంతా తన చేత్తోనే రాసిచ్చాడు. ఆఫీసరు దాన్ని చివరిదాకా చదివాడు. "నిన్న నేను వాళ్లందరి ముందూ దండ వేసింది ఎవరికయ్యా?" అన్నాడు.

గంగులయ్యను సంఘం నుంచి తీసేశారు. కాగితాల్లో జయరామయ్య పేరు ఎక్కడా లేదు కనుక అతనికేమీ కాలేదు. విచారణ తేలేదాకా సంఘానికి ఏ పనీ ఇవ్వకూడదన్నారు. ఏడాదిపాటు సంఘం ఖాళీగా కూర్చుంది. నిజం చెప్పినా దెబ్బ తగిలింది పల్లెకే. ఇంటి మీద పెంకులు దించేస్తానని గంగులయ్య అంటే భార్య నాగులమ్మ ఒప్పుకోలేదు. "దించితే వానకు నేనూ పిల్లలూ తడవాల. ఉండనీ. రోజూ వాటినే చూస్తా పడుకో" అంది.

ఆ పైయేడు బడి గోడలకు సున్నం పని వచ్చింది. ఈసారి ప్రెసిడెంటు అంకాలమ్మ. ఆసుపత్రి నర్సు పుష్పకుమారి కాగితాలు చదివి వినిపిస్తే, రెండుసార్లు అడిగి అర్థం చేసుకుని గాని వేలిముద్ర వేసేది కాదు. గంగులయ్య వెళ్లి పని అడిగాడు. ఆమె గుల్లల మడుగు వైపు చూపించింది.

మొదటి బండి కట్టే రోజు ఆఫీసరు వచ్చాడు. కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. సంఘం సభ్యులందరినీ పేరుపేరునా పలకరించి, బస్తా ఎత్తుతున్న గంగులయ్య దగ్గర ఆగాడు.

"ఇతనెవరమ్మా? సంఘం పట్టీలో పేరు లేదే?"

"మా బావగారి కొడుకయ్యా," అంది అంకాలమ్మ. "కూలికొచ్చినాడు."

గంగులయ్య తల వంచి, బస్తా బండిలోకి చేర్చాడు.