కాలివేలికి కట్టిన దారం

ప్రమీల అట్టకోన్‌కు కత్తెరతో మూడు బొక్కలు పెట్టి, లోపల రొట్టెముక్కలు వేసి, రెండు చివరలా గుడ్డపేలికలు కుక్కింది. మరమగ్గాల సాంచెల మీద దారం అయిపోగానే పారేసే కోన్ అది. టెంపో గుద్ది వెనక కాళ్లు పడిపోయిన కుక్క షేరు పడుకున్నచోటే దాన్ని మూతితో దొర్లించింది. ఒక ముక్క రాలింది.

గిన్నెలో పెడితే రెండు నిమిషాల్లో తినేసి రోజంతా గోడనే చూస్తుందని, కదలలేని కుక్కకు వెతుక్కునే పని ఉండాలని పశువుల డాక్టరమ్మ చెప్పింది. కానీ కోన్ గడప దాకా దొర్లిపోతే షేరు పోలేదు. ప్రమీల లేవాలి. లేస్తే చీరల వెనక దారాలు కత్తిరించే పని సాగదు. అందుకే కోన్‌కు దారం కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి ముడేసుకుంది. చేతులు చీరమీద, కాలు కుక్కమీద.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మొగుడు రాజనర్సు అది చూసి నవ్వాడు. "కాలుగూడ నౌకరి చేస్తుందా? మరి నాకు నీళ్లెవరిస్తరు?"

కడవ అతనికి రెండు బారల దూరం. ఆమె ముడి విప్పుకుని, లేచి, నీళ్లిచ్చి, అన్నం పెట్టి, ఎంగిలి పళ్లెం తీసి, మళ్లీ ముడేసుకుంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అతను తన చెంబు తాను ముంచుకున్న రోజు ఆమెకు గుర్తులేదు. ఆమెకు జ్వరమొచ్చిన రోజైనా అంతే. "గోడ పట్టుకోని లేవే, జరసేపైతే తక్కువైతది" అనేది అత్త ఐలమ్మ. ఆ మాటలో కోపం ఉండేది కాదు. అన్నం ఉడికిందా అని అడిగినట్టే అనేది.

మూడోనాడు అన్నం ఆలస్యమైంది.

"దాని సేవ చేస్తవా, నా సేవ చేస్తవా, ఒకటి తేల్చుకో. నాదైతే ఆదివారం దీన్ని ఊరవతల జోల్వాల ఇడిచొస్త" అన్నాడు రాజనర్సు.

"సరే" అంది ప్రమీల.

పని అయిపోయిందనుకుని అతను కాళ్లు చాపుకున్నాడు.

మర్నాడు వచ్చి పీటమీద కూర్చున్నాడు. పళ్లెం రాలేదు.

"ఏమే, బువ్వేది?"

"వండిన. ఆడనే యాడనో ఉంటది, దేవులాడుకో."

"నాతోని దేవులాడిపిస్తవా?"

"నువ్వే అంటివి గద, ఒకటి తేల్చుకొమ్మని. తేల్చుకున్న." ఆమె చీరమీంచి తల ఎత్తలేదు. "దానికి కాళ్లు లెవ్వు. నీకున్నయి."

పీట కదిలింది. వంటింట్లో గిన్నెల మూతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

షేరు కోన్ వదిలి, చెవులు నిక్కించి అటే వింది.