డ్రమ్ములాయన ఎంచిన కీబోర్డు

మూడో కీబోర్డు దగ్గర డ్రమ్ములాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎడం చెవి కాస్త ముందుకు పెట్టి, కుడిచేతి రెండువేళ్లతో తొడమీద మెల్లగా కొట్టుకుంటున్నాడు. షాపతను మీట నొక్కాడు. పెట్టెలోంచి డ్రమ్ములూ, బేసూ, గిటారూ ఒక్కసారే లేచాయి.

"ఎడంచేత్తో మూడు మెట్లు పట్టుకుంటే చాలండీ, మేళమంతా దాని వెంటే నడుస్తుంది. మనిషి ఒక్కడే, వినేవాళ్లకి పదిమంది," అన్నాడు షాపతను.

"తొమ్మిదిమంది భోజనం మిగిలిందన్నమాట," అన్నాడు బావమరిది. తన మాటకి తనే నవ్వబోయి, బావ వైపు చూసి ఆగిపోయాడు. ఆ తొమ్మిదిమందిలో మొదటివాడు పక్కనే ఉన్నాడు.

ఇద్దరూ ఇరవై రెండేళ్లుగా ఒకే హోటల్లో, ఒకే భోజనాల గదిలో సాయంత్రాలు పాటలు వినిపిస్తున్నారు. బావమరిది పాత కీబోర్డు వాయిస్తూ పాడతాడు. ఈయన వెనక కూచుని డ్రమ్ములు కొడతాడు. ఈయన పేరు హోటల్లో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. పోయిన వారం స్టేజీని సగానికి కోసేసి అక్కడ రెండు బల్లలు వేశారు. మిగిలిన చోట ఒక్క మనిషే పడతాడు. డ్రమ్ములు అదేరోజు ఇంటికి చేరిపోయాయి. మేనేజరు చెడ్డవాడు కాదు. "ఒక్కరే చెయ్యగలిగితే చెయ్యండి. ఆదివారం సాయంత్రం కూచుని వింటాను. కుదరదంటే రికార్డు పాటలు పెట్టుకుంటాం," అని మెత్తగానే చెప్పాడు.

ఇవాళే ఆదివారం. పెట్టె ఎంచడానికి బావమరిది బావనే పిలిచాడు. నీకున్న చెవి ఎవరికుంది బావా, అన్నాడు. తన చోట కూచోబోయేదాన్ని ఎంచడానికి డ్రమ్ములాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

మొదటిది బావమరిదికి తెగ నచ్చింది. అద్దంలాంటి పెద్ద తెర, వెయ్యి రకాల వాయిద్యాలు. డ్రమ్ములాయన దాన్ని మోగించనే లేదు.

"ఎత్తు," అన్నాడు.

"ఏంటి?"

"ఎత్తి గుమ్మందాకా నడిచి రా."

బావమరిది తడిసిన గోనెసంచి ఎత్తినట్టు ఎత్తి, నాలుగడుగుల్లోనే దించేశాడు.

"ఇన్నాళ్లూ ఇద్దరం మోశాం. ఇకమీద ఒక్కడివే."

రెండోది తేలిగ్గా ఉంది. దాని మీటలకింద అక్షరాలు చీమకాళ్లలా ఉన్నాయి.

"చదువు."

"పాడేటప్పుడు కళ్లజోడు పెట్టుకుంటాలే."

"పెట్టుకోవు. అందగాడివి కదా."

షాపతను దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

మూడోదాని దగ్గర పాడమన్నాడు. బావమరిది గొంతు సవరించుకుని పల్లవి ఎత్తాడు. గొంతు ఇంకా బాగుంది, గుమ్మం దాటబోతున్న ఒకావిడ ఆగింది. చరణం అయ్యాక అలవాటు ప్రకారం ఎదుట ఎవరో కూచున్నట్టు చూసి నవ్వి, మళ్లీ పల్లవి అందుకున్నాడు. అప్పటికే పెట్టె ముందుకెళ్లిపోయింది. పాటకి ఒక కాలు గట్టుమీద, ఒక కాలు బురదలో పడ్డట్టయింది.

"ఇది తొందరపడుతోంది బావా."

"మిషను తొందరపడదండీ, మనం పెట్టిన వేగమే..."

"పడుతోంది," అన్నాడు డ్రమ్ములాయన, షాపతని కళ్లలోకి చూస్తూ. షాపతను తలూపి మీట కట్టేశాడు.

ఆ నవ్వు సంగతి ఈయనకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. దానికి ఒక దెబ్బంత సేపు పడుతుంది, జనం బాగా ఉన్నరోజు దెబ్బన్నర. ఆ ఖాళీలో ఈయన కర్రల్ని డ్రమ్ముమీద గలగలా దొర్లించి, సాగదీసి, బావమరిది నోరు తెరిచిన క్షణానికి పెద్ద డ్రమ్ముమీద కాలితో మొదటి దెబ్బ వేసేవాడు. ఆ దొర్లింపుని జనం సింగారం అనుకున్నారు. బావమరిదీ అలాగే అనుకున్నాడు. తన తాళం ఎన్నడూ తప్పలేదని చుట్టాలందరి దగ్గరా చెప్పుకునేవాడు. ఈయన పక్కనే కూచుని అన్నం తినేవాడు.

డ్రమ్ములాయన షాపతన్ని పక్కకి తీసుకెళ్లాడు. "కాలితో తొక్కితే, ఎక్కడున్నది అక్కడ వదిలేసి మళ్లీ మొదటి దెబ్బ నించి ఎత్తుకునేది ఉందా?"

షాపతను కింది అరలోంచి బూడిదరంగుది ఒకటి లాగాడు. "పాత రకం. దీనికి పెడల్ తగిలిస్తే చేస్తుంది. ఆ పని ఎవరూ అడగరు."

డ్రమ్ములాయన గొంతుక్కూచుని, పెడల్ని అరచేత్తో నొక్కి చూశాడు. పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ మొదటి దెబ్బ చేతికిందికి వచ్చి పడింది. తాళాల చప్పుడు మాత్రం రేకు కంచం కింద పడ్డట్టుంది. అది ఆయన చెవికి తగిలింది. ఆ మాట పైకి అనలేదు.

"ఇదా? బడిపిల్లల ఆటవస్తువులా ఉంది."

"తేలిక. అక్షరాలు పెద్దవి."

"మరి ఆ పెడలెందుకు?"

"చరణం అయ్యాక నవ్వుతావే, నవ్వి పల్లవి ఎత్తుకునేటప్పుడు తొక్కు."

"నవ్వుకీ దానికీ ఏంటి బావా సంబంధం?"

"తొక్కరా. అంతే."

మధ్యాహ్నం వడ్డన అయ్యాక హోటల్ భోజనాల గదిలో కుర్చీలన్నీ బల్లలమీద తలకిందులుగా ఉన్నాయి. బావమరిది పంతంకొద్దీ పెడల్ తొక్కకుండానే సాధన చేశాడు. మూడుసార్లు పాడితే మూడుసార్లూ అక్కడే జారింది. నాలుగోసారి తొక్కాడు. పాట కుదురుగా వచ్చి కూచుంది. మెట్లమీంచి చేతులు తీసి కాలికింది పెడల్ వైపు చూశాడు. డ్రమ్ములాయన మోకాళ్లమీద పాకుతూ వైర్లని నేలకి టేపుతో అంటిస్తున్నాడు.

"బావా."

"ఊఁ."

"తొందరపడింది పెట్టె కాదు."

టేపుని పళ్లతో తెంపిన చప్పుడయింది.

"ఎప్పట్నించి?"

"మొదటి వారం నించీ."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే నవ్వడం మానేసేవాడివి. జనం వచ్చేది ఆ నవ్వుకి."

బావమరిది పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. "చుట్టాలందరి దగ్గరా వాగాను."

"వాగావు. మీ అక్క చీరచెంగు నోట్లో కుక్కుకునేది."

"అక్కకి తెలుసా?"

"మీ అక్కకి తెలీందేముందిరా."

బావమరిదికి నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి, ఏది ముందో తేల్చుకోలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అటే తిరిగి అడిగాడు. "మరి నువ్వేం చేస్తావు?"

"మీ అక్క దగ్గర గుండీలు కుట్టే ఉద్యోగం. కుదురుగా ఉంటే కుట్టుమిషను కూడా ఇస్తానంది. కాలికి అలవాటేగా."

సాయంత్రం ఆరింటికి బల్లలు నిండాయి. మేనేజరు మూలబల్ల దగ్గర కాఫీ పెట్టుకుని కూచున్నాడు. డ్రమ్ములాయన వంటగది తలుపు పక్కన గోడకి ఆనుకున్నాడు. తెల్లచొక్కా చూసి ఒకాయన నీళ్లు అడిగితే తెచ్చి ఇచ్చాడు.

మొదటి పాట. చరణం అయింది. బావమరిది నవ్వాడు. డ్రమ్ములాయన కుడికాలు తనంతట తనే నేలని తొక్కింది. అదే క్షణాన స్టేజీమీద పెడల్ కిందికి దిగింది. పల్లవి, మొదటి దెబ్బ కలిసి పడ్డాయి. రెండో పాటలోనూ అంతే, ఇక్కడ కాలు, అక్కడ కాలు. మేనేజరు కాఫీ కప్పులోంచి తల ఎత్తలేదు. ఏదైనా చెడితేనే ఆయన తల ఎత్తుతాడు.

మూడో పాటలో బావమరిది ఎప్పుడూ నవ్వేదానికంటే ఎక్కువసేపు నవ్వాడు. ఎదుటి బల్ల దగ్గర ముసలావిడ కూడా నవ్వింది. డ్రమ్ములాయన కాలు ముందే పడిపోయింది. బావమరిది కాలు ఆగి, ఊపిరి తీసుకుని, పాటతోపాటు దిగింది. ఈసారి తప్పింది ఇక్కడి కాలు. ఆ తర్వాత ఆయన రెండు పాదాలూ ఎడంగా పెట్టి, కదలకుండా నిలబడి ఇంకో పాట విన్నాడు.

నీళ్లడిగినాయన మళ్లీ చెయ్యి ఊపాడు. డ్రమ్ములాయన వడ్డించే మనిషికి ఆ బల్ల చూపించి, వంటగదిలోంచి, కడిగిన కంచాల పక్కనించి, వెనక గుమ్మం దాటి వెళ్లిపోయాడు. బయట ఇంకా వెలుతురుంది. ఐదో పాట చరణం దగ్గర బావమరిది తలుపువైపు చూసి నవ్వాడు. నవ్వు ఆపకుండానే పెడల్ తొక్కాడు.

స్టేజీమీద కీబోర్డు స్టాండు కాళ్ల మధ్య, రెండు మేకులతో నేలకి దిగ్గొట్టిన చెక్కముక్క ఒకటి ఉండిపోయింది. పెద్ద డ్రమ్ము కొట్టేటప్పుడు ముందుకి జరిగిపోకుండా ఎప్పుడో అడ్డం వేసింది. మూడువైపులా రంపపు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి, డ్రమ్ము ఆనిన నాలుగోవైపు గోరు పట్టేంత లోతున నున్నగా అరిగి ఉంది.