ఇరవై ఒకటో నంబరు ఉమ్మి

నేను ఒక ఐస్ పెట్టెను. నీలిరంగు ఒళ్ళు, తెల్లటి మూత, రెండు వైపులా రెండు పిడులు. ఫ్యాక్టరీలో నా రెండు గోడల మధ్య నురుగు పోసి గట్టిపరిచారు. లోపలి చలి బయటికి పోకూడదు, బయటి ఎండ లోపలికి రాకూడదు. నాకు నేర్పిన విద్య అదొక్కటే. మనుషులు ఎంత చదువుకున్నా ఈ ఒక్క విద్యా వాళ్ళకి పట్టుబడదని నాకు తర్వాత తెలిసింది.

నన్ను మొదట కొనుక్కున్నవాడు సైదులు. సముద్రపు ఒడ్డు నుంచి చేపలు తెచ్చి, మోపెడ్ మీద ఊరూరా తిరిగి అమ్మేవాడు. పైన నిగనిగలాడే ఇవాళ్టి చేపలు పరిచేవాడు, వాటి కింద నిన్నటివి, అడుగున మొన్నటివి. "ఇప్పుడే పడవ దిగినయ్యమ్మా" అని కేకేసేవాడు. అడుగున ఉన్నది నాకు తెలుసు, కొనేవాళ్ళకి తెలియదు. మనుషుల మాట మీద నాకు అనుమానం అక్కడే మొదలైంది. రెండేళ్ళు వాడుకుని సైదులు నన్ను ఒంగోల్లో పాత సామాన్ల కొట్టుకి అమ్మేశాడు.

అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్న పిల్ల షేక్ రిజ్వానా. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. నన్ను మూడు రోజులు సబ్బుతో, నిమ్మచెక్కలతో రుద్ది కడిగింది. పొడుం, ఖైనీ, గుట్కా లాంటివి నోట్లో పెట్టుకునేవాళ్ళ ఉమ్మిలో ఏ బ్యాక్టీరియా పెరుగుతాయో, ఏవి తగ్గుతాయో చూడటం ఆమె పని. అందుకు నలభై మంది ఆడవాళ్ళ ఉమ్మి కావాలి. అలవాటున్నవాళ్ళు ఇరవై మంది, వాళ్ళకి ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు. అలవాటు లేనివాళ్ళు ఇరవై మంది, వాళ్ళకి ఇరవై ఒకటి నుంచి నలభై. ఆ ఉమ్మిని చిన్న ట్యూబుల్లో పట్టి, ఐసులో పెట్టి ల్యాబుకి చేర్చడం నా పని.

కందుకూరు అవతల ఒక పొగాకు గ్రేడింగు షెడ్డుకి వెళ్ళాం. రేకుల కింద యాభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకు ఏరుతున్నారు. ఆకును వెలుతురుకి పట్టి ఒక్క చూపు చూస్తారు, ఏ గ్రేడో ఆ కుప్పలో వేస్తారు. గాలి నిండా ఘాటు. రిజ్వానాకి వరసగా ఆరు తుమ్ములొచ్చాయి.

ఆ ఊరి ఆశా కార్యకర్త దార్ల ఏసురత్నం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. నలభై రెండేళ్ళ మనిషి, గొంతు గట్టిది. ఒకప్పుడు ఆమె కూడా ఆ షెడ్డులోనే ఆకు ఏరింది. ఇప్పుడు నెలనెలా అక్కడికే వచ్చి, పొగాకు మానండి, నోరు పాడవుద్ది అని చెబుతుంది. విన్నా వినకపోయినా, కాన్పుకి ఆటో పిలవాలన్నా, బిడ్డకి జ్వరమొచ్చినా అందరూ పరిగెత్తేది ఆమె దగ్గరికే.

"ఉమ్మి కావాలా?" అంది పోలమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది, నోరు కూడా పెద్దదే. "రక్తమడిగారంటే అర్థముంది. ఉమ్మేం చేసుకుంటారమ్మాయ్? చేతబడి చేపిస్తారా ఏంది?"

"పరీక్ష చేస్తామమ్మా. పొగాకు వల్ల నోట్లో..."

"మా నోట్లో పురుగులున్నయ్యని కాగితం రాపిచ్చి, మమ్మల్ని పన్లోంచి తీసెయ్యడానికి కంపెనీ వాళ్ళు పంపించారేమో?" ఇంకో ఆమె సందేహం. మూడో ఆమె నా మూత ఎత్తి ముక్కు ముడుచుకుంది. "చేపల కంపు కొడతా ఉంది. ఇదేం పరిశోధన పెట్టె?"

నాకు సిగ్గేసింది. తప్పు సైదులుది, మాట పడింది నేను.

రిజ్వానా ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. "మీరు దీన్ని చూసి ఏ గ్రేడో చెబుతారు కదా. మా యంత్రం ఉమ్మిని చూసి అందులో ఏ బ్యాక్టీరియా ఎంతుందో చెబుద్ది. మన నోట్లో కోట్ల కొద్దీ ఉంటాయి. చాలావరకు మనకి మేలే చేస్తాయి. పొగాకు నోట్లో పెట్టుకుంటే ఆ వరస మారుతుందా, ఎట్లా మారుతుందనేది నేను చూడాలి. కొన్ని రకాలు పొగాకులో ఉన్న విషాన్ని ఇంకా చెడ్డదానిగా మార్చగలవు."

అప్పుడు ఏసురత్నం ముందుకొచ్చింది. "ముందు నాది తీసుకోండి మేడమ్. నాకు ఏ అలవాటూ లేదు, లేనివాళ్ళలో రాయండి. నాకేమీ కాకపోతే వీళ్ళూ ఇస్తారు."

అట్లా ఇరవై ఒకటో నంబరు ఆమెదైంది. ఉమ్మి ఇచ్చాక ఏసురత్నం పేర్లు రాసే పనిలో పడి, ఆ ట్యూబుని కాసేపు పోలమ్మ చేతికిచ్చి పట్టుకోమంది. పోలమ్మ ఇరవయ్యో నంబరు. పొడుం వేస్తానని గర్వంగా చెప్పి రాయించుకుంది.

ఆ పొద్దునే, షెడ్డుకి పోయే ముందు, నన్ను ఏసురత్నం దొడ్లో దించారు. అప్పుడామె నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి పై పెదవి కింద వేలు పెట్టి ఏదో ముద్ద తీసి, నాలుగుసార్లు పుక్కిలించి, చిన్న రేకు డబ్బాని బొడ్లో దోపుకోవడం చూశాను. పెట్టె ముందు ఎవరూ జాగ్రత్తపడరు. చూశాను కానీ నాకు నోరు లేదు.

నెలన్నర తర్వాత ల్యాబులో కంప్యూటరు తెర మీద నంబరుకొకటి చొప్పున నలభై చుక్కలు వచ్చాయి. ఒకేరకం నోళ్ళు ఒకదగ్గర చేరతాయట. ఎడమవైపు అలవాటున్న గుంపు, కుడివైపు లేని గుంపు. కుడివైపు వాళ్ళలో నలుగురైదుగురు మధ్యలో తచ్చాడుతున్నారు. ఇరవై ఒకటి మాత్రం ఎడమవైపు గుంపు నడిబొడ్డున కూర్చుంది.

మొదటి అనుమానం నా మీదే. మూత సరిగ్గా పడలేదేమో, దారిలో ఐసు కరిగిందేమోనని నాలో థర్మామీటరు పెట్టి పగలంతా ఎండలో ఉంచారు. నేను నెగ్గాను. తర్వాత ట్యూబులకి నంబర్లు అంటించిన ల్యాబు కుర్రాడి మీద అనుమానం. అతను రెండు రోజులు రిజ్వానాతో మాట్లాడలేదు. ఆమె ప్రొఫెసరు, "ఒక్క నంబరే కదా, తీసి పక్కన పెట్టెయ్" అన్నాడు. "ఎందుకట్లా వచ్చిందో తెలియకుండా ఎట్లా తీసేస్తాను సార్?" అంది రిజ్వానా. ఆలోచించి ఆలోచించి, ఆ ట్యూబు కాసేపు పోలమ్మ చేతిలో ఉందన్న సంగతి గుర్తు తెచ్చుకుంది.

మళ్ళీ ఉమ్మి తీసుకోవాలని షెడ్డుకి వెళ్ళాం. రిజ్వానా పోలమ్మని పక్కకి పిలిచి మెల్లగా అడిగింది. "మీరు గానీ సరదాకి ఆ రెండో ట్యూబులో కూడా ఉమ్మారా?"

పోలమ్మ మెల్లగా మాట్లాడే మనిషి కాదు. "వినండమ్మే! నేను దొంగతనంగా రత్నం బుడ్డిలో ఉమ్మానంట! ముప్పై ఏళ్ళుగా ఈ షెడ్డులో ఒక్క ఆకు బయటికి తీసుకుపోలా నేను. మనుషుల్ని ఇట్లా అనుమానిస్తావా? మా ఉమ్మి మాకిచ్చెయ్యండి!"

చేతుల్లో ఆకులు అట్లాగే ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా లేచారు. మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. నేను మాత్రం ఏసురత్నాన్నే చూస్తున్నాను. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది, ఆగింది. ఊరుకుంటే పోయేది పోలమ్మ పరువే, తన ఉద్యోగానికీ పేరుకీ ఏమీ కాదు. ఊరుకుంటుందనే అనుకున్నాను. అడుగున మొన్నటి చేపలు పెట్టుకుని తిరిగినదాన్ని, అంతకన్నా ఏమనుకుంటాను?

ఆమె వెనక్కి తిరిగి వచ్చి, నా మూత మీద కూర్చుంది.

"పోలమ్మ అత్త ఏమీ చెయ్యలేదు మేడమ్. అది నా ఉమ్మే." బొడ్లోంచి రేకు డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పదిహేడేళ్ళప్పుడు ఇక్కడే, పన్ను నొప్పంటే ఒకామె చిటికెడు పెట్టింది. నొప్పి పోయింది, ఇది పోలేదు. మీకందరికీ మానమని చెబుతా, ఇంటికి పోయి వేసుకుంటా. మా ఇంటాయనకి కూడా తెలీదు."

వెనకున్నవాళ్ళు డబ్బా చూడటానికి ముందుకి జరిగారు.

పోలమ్మ దగ్గరికొచ్చింది. తిట్టబోతోందనుకున్నాను. "నోరు తెరువు" అంది.

"ఎందుకత్తా?"

"తెరవమంటన్నా కదా."

పోలమ్మ ఆమె గడ్డం పట్టుకుని, ఆకుని చూసినట్టే వెలుతురుకి తిప్పి, పెదవి ఎత్తి చూసింది. "అమ్మాయ్, ఇట్రా. ఇక్కడ తెల్లగా ఉందేంది? మా అక్కకి ఇట్లాగే మొదలయ్యింది."

రిజ్వానా ఫోను లైటు వేసి చూసింది. పంటి చిగురు మీద వేలిగోరంత తెల్లమచ్చ, గరుకుగా ఉంది. "ఇది నేను చెప్పగలిగేది కాదు. రేపే ఒంగోలు పోదాం" అంది. తర్వాత పోలమ్మ వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు నాదమ్మా. అడిగే తీరు అది కాదు." పోలమ్మ చేతులు వెనక్కి లాక్కోలేదు. మంచి మాటా అనలేదు.

ఆ సాయంత్రం షెడ్డు వదిలే వేళకి ఇంకో నలుగురు ఒక్కొక్కరే రిజ్వానా దగ్గరికొచ్చారు. 'అలవాటు లేదు' అని రాయించుకున్నవాళ్ళే. "నాది కూడా మార్చుకో" అని చెవిలో చెప్పి వెళ్ళారు. మధ్యలో తచ్చాడిన చుక్కలు ఎవరివో అప్పుడు తెలిసింది. రిజ్వానా పట్టిక చెడిపోయింది. ఇంకో ఏడాది పని పెరిగింది. దారిలో ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. మనుషులు అర్థం కారు నాకు.

ఒంగోల్లో మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజులు ఏసురత్నం అన్నం సరిగ్గా తినలేదు. క్యాన్సర్ కాదన్నారు. పొడుం మానకపోతే కాదని చెప్పలేమన్నారు. ఆమె వెళ్ళి ఆస్పత్రిలో తన పైడాక్టరుకి తానే చెప్పుకుంది. ఆయన అరిచాడు, తీసెయ్యలేదు. భర్త వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత పుక్కిలించుకునే ఉప్పునీళ్ళు తనే కాచిచ్చాడు.

మొదటిసారి ఉమ్మి తీసిన ఆరు నెలలకి రెండో విడత. మళ్ళీ అదే షెడ్డు. ఈసారి నన్ను మోసుకొచ్చింది పోలమ్మ. మచ్చ కాస్త పలచబడిందని, ప్రతి మూడు నెలలకీ చూపించుకోమన్నారని ఏసురత్నం చెప్పింది. రిజ్వానా కాగితం తీసి, "పొడుం పూర్తిగా మానేశారు, అంతేనా?" అని రాయబోయింది.

"ఆగండి మేడమ్." ఏసురత్నం గొంతు అందరికీ వినిపించేంత గట్టిగానే ఉంది. "నాలుగు నెలలు ముట్టలా. మొన్నీమధ్య చెల్లెలు పోయింది. ఆ రోజు ఒకసారి, నిన్న మధ్యాహ్నం ఒకసారి వేసుకున్నా. అట్లాగే రాయండి."

రిజ్వానా అట్లాగే రాసింది. ఏసురత్నం ట్యూబులో ఉమ్మి, మూత బిగించి, తన చేత్తోనే తెచ్చి నా ఐసులో నిలబెట్టింది.

ఇప్పుడు నా పిడి ఒకటి ఊడిపోయింది, మూత సరిగ్గా పడటం లేదు. యూనివర్సిటీ స్టోరు గదిలో విరిగిన కుర్చీల పక్కన పడేశారు. ఎవరో నా మీద పాత ఫైళ్ళు పేర్చారు. ఆ రెండో విడతలో ఇరవై ఒకటో చుక్క ఎటు జరిగిందో నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోయినా ఫరవాలేదు. నేను మోసినన్ని రోజుల్లో, లోపల ఏముందో మూత మీద కూడా అదే రాసి ఉన్న సరుకు నాకు ఏసురత్నం రెండోసారి ఇచ్చిన ఆ ట్యూబొక్కటే తగిలింది.