పెళ్ళిచూపుల మ్యాచ్

"గోల్‌పోస్టుకి తల కొట్టుకుంటే ఎలా రా? ఇనుపది కదా. దానికి మెత్తగా ఏమైనా చుట్టారా లేదా?"

పొద్దున్నే కొడుకు చేతికి టీ గ్లాసు ఇస్తూ తల్లి అడిగిన మొదటి మాట అది. వాడింకా కళ్ళు నులుముకుంటూనే ఉన్నాడు.

"చుట్టరమ్మా. మేమే చూసుకుని ఆడతాం."

"నువ్వు చూసుకుంటావు సరే. వెనకనుంచి ఎవడైనా తోస్తే?"

"అమ్మా, వీడు ఆడేది పక్కగీత వెంబడి. గోల్‌పోస్టుకీ వీడికీ చుట్టరికమే లేదు," అంది కూతురు, అద్దం ముందు జడ వేసుకుంటూ. "వీడికేమైనా అయితే గీతకి సున్నం కొట్టేవాడి వల్లే అవ్వాలి."

తండ్రి బస్సు డ్రైవరు. యూనిఫాం చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ నవ్వాడు. "మీ అమ్మకి భయపడటానికి కారణం అక్కర్లేదు. తీరికుంటే చాలు."

నిజానికి ఆమెకి తీరిక కూడా లేదు. కర్టెన్ల దుకాణంలో మిషను ముందు కూర్చుని పొద్దంతా అంచులు కుడుతుంది. చేతులు గుడ్డని తోస్తుంటాయి, మనసు మాత్రం కొడుకు చుట్టూ తిరుగుతుంటుంది. వాన పడితే మైదానంలో జారతాడని, ఎండ కాస్తే సొమ్మసిల్లుతాడని, రెండూ లేకపోతే ఏదో ఉండే ఉంటుందని, అది తనకే తట్టడం లేదని ఆమె భయం.

కొడుకు ఊళ్ళోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులో రిజర్వు జట్టు కుర్రాడు. పెద్ద జట్టుకి స్టేడియం, దీపాలు, అరిచే జనం ఉంటారు. రిజర్వు జట్టుకి స్టేడియం వెనక మైదానం, ఒకవైపు మాత్రమే వేసిన ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. పెద్దవాళ్ళు పోయినేడు వేసుకుని వదిలేసిన జెర్సీలే వీళ్ళకి. వీపు మీద పాత ఆటగాడి పేరు ఊడదీస్తారు కానీ జిగురు మరక పోదు. తల్లి ఆ మరకని ఎన్నిసార్లు రుద్దిందో. "ఉండనీ అమ్మా, ఒకనాటికి అక్కడ నా పేరు అతికిస్తారు," అనేవాడు వాడు.

సీజను చివర ఒక మ్యాచ్ ఉంటుంది. ఆరోజు పెద్ద జట్టు కోచ్ స్వయంగా వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుంటాడు. నచ్చిన కుర్రాళ్ళని పైకి తీసుకుంటాడు, మిగిలినవాళ్ళు సంచి సర్దుకుని ఇంటికి పోవాలి. కుర్రాళ్ళు దానికి పెళ్ళిచూపుల మ్యాచ్ అని పేరు పెట్టుకున్నారు. "తల దువ్వుకుని, తలొంచుకుని, అడిగినప్పుడే పరుగెత్తాలి," అని ఒకరినొకరు ఏడిపించుకునేవారు.

రిజర్వు జట్టు కోచ్‌ని వాళ్ళు గద్ద అనేవారు. అతనికొక పద్ధతి ఉంది. ఏ కుర్రాడైనా తన నోటితో తాను "ఇవాళ నొప్పిగా ఉంది, ఆడలేను" అన్నాడో, అంతే. వాడిని తప్పించుకునేవాడి కింద జమకట్టేస్తాడు, మళ్ళీ ఎప్పటికీ నమ్మడు. అదే డాక్టరో, దెబ్బలు చూసే ఫిజియోనో చెప్తే కుర్రాడి మీద మాట పడదు. అందుకని కుర్రాళ్ళు చీలమండ బత్తాయిలా వాచినా బూటు బిగించి నవ్వుతూ దిగేవారు. ఈ సంగతి కొడుకే ఒకసారి అన్నం తింటూ చెప్పాడు. ఆ పూటంతా తల్లి వాడి కాళ్ళకేసే చూసింది. వీడు కూడా అలాగే నొప్పి దాచుకుని ఆడుతున్నాడేమో!

ఆ వారమంతా వాడు సరిగా తినలేదు. పిలిస్తే ఉలిక్కిపడేవాడు. పెళ్ళిచూపుల మ్యాచ్ ఇంకో నాలుగు రోజులుందనగా, సాయంత్రం ప్రాక్టీసు నుంచి వస్తూ మెట్ల మీద కుంటుతూ కనిపించాడు. తల్లి తలుపు దగ్గరే నిలబడి ఉంది. మూడో అంతస్తు దాకా మెట్ల కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి ఎక్కాడు.

"ఏమైంది రా కాలికి?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఎందుకలా ఎక్కావు?"

"ఏం లేదన్నాను కదా!" అని లోపలికి వెళ్ళి దుప్పటి ముసుగు పెట్టాడు.

మర్నాడు పొద్దున కూడా కుంటుతూనే దిగాడు. మోకాలి చిప్ప పగిలిందేమో అనుకుంది తల్లి. పగిలిన చిప్పతో పరుగెత్తితే కాలు జీవితాంతం వంకరే. ఆ రోజు దుకాణంలో ఎవరిదో పడకగది కర్టెను అంచు తిరగేసి కుట్టింది. యజమాని చూసి, "ఏమ్మా, కిటికీ బయట నిలబడి చూసుకోవాలా దీన్ని?" అని వెటకారం చేశాడు. ఆమెకది చెవికెక్కలేదు. మధ్యాహ్నం దుకాణం వెనక సందులోకి వెళ్ళి, క్లబ్బులో కాళ్ళు చూసే మేడమ్‌కి ఫోన్ చేసింది. తల్లిదండ్రుల మీటింగు రోజు ఆ ఫిజియో నంబరు అందరికీ ఇచ్చింది. ఇన్నాళ్ళలో ఆ నంబరుకి ఫోన్ చేసిన తల్లి ఈమె ఒక్కతే, అదీ జలుబుకి, ఆవలింతలకి కూడా.

"మేడమ్, మా వాడు కుంటుతున్నాడు. మోకాలు. మీతో చెప్పడు, పరువు. నేను చెప్పానని మాత్రం వాడికి తెలియనివ్వకండి."

"ఇక్కడ బాగానే పరుగెత్తాడే?" అంది ఫిజియో.

"దాచుకుంటున్నాడు మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి చూడండి."

ఫిజియో తన పని తను చేసింది. కాగితం మీద ఫిర్యాదు నమోదయ్యాక స్కానింగు చెయ్యాలి. స్కానింగు చూసి డాక్టరు సంతకం పెట్టేదాకా ఆ కుర్రాడు మైదానంలో దిగకూడదు. అది క్లబ్బు నియమం. డాక్టరేమో సెలవు పెట్టి వేరే ఊరు వెళ్ళాడు.

మ్యాచ్ రోజు తల్లి సెలవు పెట్టి వెళ్ళింది. కొడుకు ట్రాక్‌సూటు వేసుకుని బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. మొహం ఎటూ కాకుండా ఉంది. పెద్ద కోచ్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని శనగలు నములుతూ చూస్తున్నాడు. కొడుకు చోట నిచ్చెన ఆడుతున్నాడు. నిచ్చెన అంటే వీడి స్నేహితుడే, అంత పొడుగు కాబట్టి ఆ పేరు. ఆ పొడుగు కాళ్ళతో గీత వెంబడి ఒక్క పరుగు తీసి బంతి లోపలికి పంపాడు. గోల్ పడింది. పెద్ద కోచ్ నమలడం ఆపి పక్కనున్న గద్దని ఏదో అడిగాడు.

నిచ్చెన వాళ్ళమ్మ లేచి చప్పట్లు కొట్టి, మళ్ళీ కూర్చుని ఈమె చెయ్యి పట్టుకుంది.

"వదినా, అనకూడదు గానీ... మీ వాడికి ఆ మోకాలు నొప్పి రాకపోతే మా వాడు ఇవాళ కూడా నీళ్ళ సీసాలే మోసేవాడు."

తల్లి నవ్వాలని చూసింది.

రెండు రోజులకి డాక్టరు వచ్చి స్కానింగు చూశాడు. ఎముక బాగుంది, నరం బాగుంది, వాపు కూడా లేదు. "నిక్షేపంగా ఉన్నాడు," అంది ఫిజియో ఫోన్లో, సంతోషపడాల్సిన మాట చెప్తున్నట్టు. ఆ సాయంత్రమే గద్ద జట్టునంతా పిలిచి పేర్లు చదివాడు. పైకి వెళ్ళినవాళ్ళలో నిచ్చెన ఉన్నాడు. కొడుకుతో మాత్రం విడిగా, "నువ్వు బాగా ఆడతావు బాబూ. కానీ ఆయన చూసింది మైదానంలో ఉన్నవాళ్ళనే," అన్నాడు. జెర్సీ అప్పగించమన్నారు. జిగురు మరకతో సహా ఇచ్చి వచ్చాడు.

ఇంట్లో ఆ సంగతి విన్నాక తల్లి ఇక దాచలేకపోయింది. ఫోన్ చేసింది తనేనని అందరి ముందూ చెప్పేసింది. తండ్రి చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"బాగున్న కాలికి రోగం అంటగట్టావా?"

"కుంటుతూ ఎక్కాడండీ. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళు! నీ కళ్ళకి ఏం కనబడదు? మొన్న నా దగ్గుకి కూడా కాటికాపరిని పిలిచేదానివి!" కంచం పక్కకి తోసి లేచిపోయాడు.

కొడుకు తలెత్తలేదు. తిట్టలేదు, అరవలేదు. కంచం కడుక్కుని వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజునుంచి వాడికి మాట పడిపోయినట్టే. తిన్నావా అంటే జవాబు లేదు. అక్క జోకు వేస్తే కిటికీలోంచి చూస్తాడు. నిచ్చెన ఇంటికి వస్తే తలనొప్పని పంపించేశాడు. తండ్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చాకొకసారి భార్యని దెప్పేవాడు. "నీ భయం వాడి కాళ్ళు విరగ్గొట్టింది. ఏ డిఫెండరూ చెయ్యలేని పని నువ్వు చేశావు," అనేవాడు. ఆమె పడేది. పడాల్సిందే అనుకునేది. కొడుకు అవన్నీ వింటూ గోళ్ళు కొరుక్కునేవాడు. ఇన్నాళ్ళూ తల్లి లేనిపోనివన్నీ ఊహించి భయపడింది. తీరా వచ్చిన కష్టం తన చేతుల్లోంచే వచ్చింది. ఇప్పుడు కొత్తగా భయపడటానికి కూడా ఆమెకి ధైర్యం చాలలేదు.

ఒక ఆదివారం పొద్దున తల్లి ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు తండ్రి.

"గద్ద ఇంటికి. ఆయనకి చెప్తాను. తప్పంతా నాదే, వాడికి ఏ నొప్పీ లేదు, పిచ్చి తల్లిని, నేనే కల్పించాను, ఇంకొక్కసారి వాణ్ణి చూడండి అని అడుగుతాను. తిడితే తిడతాడు. గుమ్మంలో కూర్చుంటాను."

"వెళ్ళు. ఒక్కసారైనా ఆ నోటితో మంచి చెయ్యి."

"నాన్నా, అలా అనకు," అంది కూతురు.

కొడుకు మంచం మీద లేచి కూర్చున్నాడు. తల్లి వాడివైపు చూసింది.

"నువ్వేమీ అనవేం రా? వెళ్ళనా, వద్దా? తిట్టనైనా తిట్టు. నీ గొంతు విని ఎన్నాళ్ళయింది నాన్నా..."

వాడు నేలకేసి చూస్తూ ఉన్నాడు. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి, వీధి మలుపు తిరిగి, చప్పుడు కూడా పోయింది. తండ్రి ఒకసారి దగ్గాడు. తల్లి గడియ తీసి తలుపు తెరిచింది.

"వెళ్ళకమ్మా."

గొంతు బొంగురుపోయి ఉంది. ఎవరిదో గొంతులా ఉంది.

"నా కాలికేం కాలేదు. అది నాకు ముందే తెలుసు. పెద్ద కోచ్ ముందు ఆడటానికి భయమేసింది. నా నోటితో చెప్తే గద్ద ఊరుకోడు. మెట్ల మీద నీకు కనబడేలా కావాలనే కుంటుతూ ఎక్కాను. నువ్వు ఫోన్ చేస్తావని తెలుసు."